వెంకటముని కయ్య పసుపెక్కిన సంగతి

ధైర్యవంతుల చరిత్రలకు మనకు కొరత లేదు. వాళ్ల పేర్లు వీధులకు పెడతారు, కూడళ్లలో విగ్రహాలు నిలబెడతారు, ఆ విగ్రహాల మీద కాకులు నిర్భయంగా కూర్చుంటాయి. పిరికివాళ్ల చరిత్రను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. కార్వేటినగరం నుంచి పడమరగా లోపలికి పోయే రోడ్డులో ఉన్న ఒక పల్లెకు చెందిన వెంకటముని, ఆ లోటును ఒంటిచేత్తో తీర్చగల మనిషి.

యాభై దాటిన వయసులో అతను బావి మోటారు స్టార్టరును చేత్తో నొక్కి ఎరగడు. రబ్బరు చెప్పులు వేసుకుని, ఎండిన కానుగ కొమ్మ ఒకటి పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని దూరం నుంచి నొక్కుతాడు. బస్సెక్కే ముందు డ్రైవరు మొహం చూస్తాడు. ఆ మొహంలో నిద్ర ఛాయలు కనిపిస్తే తరువాతి బస్సుకు ఆగుతాడు. ఒకసారి చిత్తూరు కోర్టులో సాక్ష్యం చెప్పడానికి పోతూ అలా ఆగి ఆగి పోయేసరికి వాదీ ప్రతివాదీ రాజీపడి, టీ కూడా తాగేశారు. శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజు ఊరంతా మిద్దెలెక్కి ఆకాశంలో వెలుగు చూస్తుంటే, వెంకటముని మాత్రం వసారాలో, తాటి దూలం కింద కూర్చునేవాడు. "పైకి పొయ్యేది పైకే పోతాదని రాసిచ్చినారా?" అని అతని ప్రశ్న.

ఇన్ని భయాల్లోనూ పెద్ద భయం ఒకటుంది. దాని పేరు వరదమ్మ. అతని అక్క.

వరదమ్మకు అరవై ఐదేళ్లుంటాయి. మొగుడు పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు, అదే ఊళ్లో రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. ఆమె గొంతెత్తి అరిచిన రోజు లేదు. ఆ అవసరం ఎన్నడూ రాలేదు. బావి కింద ఎకరం కయ్య ఆమెది. ఈ సీమలో వరి పండే మడిని కయ్య అంటారు. పెళ్లిలో నాయన పసుపు కుంకుమల కింద రాసిచ్చిన నేల అది. వెంకటముని వాటాకు వచ్చింది గుట్ట పక్కన మెట్ట. వాన పడితే అందులో చెనిగ, అంటే వేరుశెనగ, పండుతుంది. వాన పడకపోతే రాళ్లు కనిపిస్తాయి. అందుకని ముప్పై ఏళ్లుగా అక్క కయ్యనే అతను చేస్తున్నాడు. తిండిగింజలు ఇద్దరివీ దాంట్లోవే, అతని రెండావులకు ఎండుగడ్డీ దాంట్లోదే.

నిరుడు ఎండాకాలానికి ఆ కయ్య చుట్టూ మూడు పక్కలా మామిడి వచ్చేసింది. ఆ మొక్కలన్నీ యువరాజ్‌వి. ట్రాక్టరున్నవాడు, పొలాల పొరుగువాడు. వరదమ్మ ఒకరోజు గెనిమ మీద, అంటే కయ్య గట్టు మీద, నిలబడి మామిడి మొక్కలను చాలాసేపు చూసింది. తరువాత తమ్ముణ్ణి చూసింది.

"మునీ, నేనూ మామిడే పెట్టిస్తా. నీళ్లు దండగ, కూలోళ్లు దొరకరు, నాకు వొయసయిపొయ్యింది."

వెంకటముని కయ్యలో నిలిచి ఉన్న చెరకు వైపు చూశాడు. "అక్కా, ఈ ఒక్క పంట..."

"సరే. చెరకు కొట్టేసినాక ఒక్క పంట వరి ఏసి సూపించు. బాగుంటే నువ్వే చేసుకో. పైరు తేడా వచ్చిందో, సంక్రాంతికి గుంతలు తీపిస్తా."

ఆమె ఒకసారి అన్నాక ఇంక మారదు. మామిడి తోటలో వెంకటమునికి పనేమీ ఉండదు. నాలుగేళ్లు చెట్టు పెరుగుతుంది, తరువాత వ్యాపారి వచ్చి కోసుకుపోతాడు. అప్పుడు అతనికి మిగిలే దారి కూడా సిద్ధంగానే ఉంది. పెళ్లాం పంకజాక్షి తమ్ముడు ప్రతాప్ రేణిగుంటలో ఒక గోడౌన్‌లో సూపర్‌వైజరు. వాచ్‌మన్ పని ఇప్పిస్తానని ఫోను మీద ఫోను చేస్తున్నాడు.

"పనేముండాది బావా, టార్చిలైటు పట్టుకోని గోడౌను సుట్టూ తిరగడమే."

"ఎప్పుడు తిరగాల?"

"రాత్రిపూట."

ఇంట్లోంచి పెరట్లోకి పోవడానికి పెళ్లాన్ని తోడు లేపే మనిషికి ఈ ఉద్యోగం చూపించిన బావమరిదిది మంచి మనసే అని ఒప్పుకోవాలి. వెంకటముని ఫోను పంకజాక్షికి ఇచ్చేశాడు. ఆ పూట సంగటి ముద్ద సగం మిగిలిపోయింది.

ఆషాఢంలో చెరకు కొట్టి గానుగకు తోలారు. కయ్య నిండా మోకాలెత్తు చెత్త మిగిలింది. ఎండిన చెరకాకు, కొసలు, కింద మోళ్లు. ఈ దేశంలో ఆ చెత్తకు అందరూ చేసేది ఒకటే. సాయంత్రంపూట గాలి చూసి అగ్గిపుల్ల గీస్తారు. తెల్లారేసరికి కయ్య నల్లగా, శుభ్రంగా, దున్నడానికి సిద్ధంగా ఉంటుంది.

వెంకటముని అగ్గిపెట్టె పట్టుకుని గెనిమ మీద నిలబడ్డాడు. గాలి చూశాడు. మూడు పక్కలా యువరాజ్ లేత మామిడి మొక్కలు చూశాడు. నాలుగో పక్క తన వామి, ఆవులకు ఏడాది గడ్డి. ఒక్క నిప్పురవ్వ ఎగిరితే చాలు అనుకున్నాడు. ఆ ఒక్క రవ్వ ఎగరడం, మామిడి మొక్కలు మాడడం, యువరాజ్ ట్రాక్టరు దిగి చొక్కా చేతులు మడవడం, పోలీసులు, పేపర్లో ఫోటో, అన్నీ అతనికి కళ్ల ముందు కనిపించాయి. అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేశాడు.

మరుసటి రోజు యువరాజ్‌నే పిలిచాడు. "అప్పా, రోటవేటరు ఎయ్యి. చెత్త చెత్తగానే నేల్లోకి తొక్కెయ్."

యువరాజ్ ట్రాక్టరు మీదే కూర్చుని నవ్వాడు. "ఇంత చెత్తా? ఏం మామా, కాల్చేదానికి భయమా?"

"భయమేం లేదప్పా. నేలకు బలం."

ఆ సీమలో చెత్త కాల్చకుండా నేలకు ఎరువు చేసిన ఆదర్శ రైతుగా వెంకటముని పేరు ఇలా స్థిరపడింది. ఆదర్శాలు ఎక్కణ్ణుంచి పుడతాయో ఎవరూ తవ్వి చూడరు కాబట్టి సరిపోయింది. రోటవేటరు మూడుసార్లు తిరిగింది. నీళ్లు కట్టారు, దమ్ము చేశారు, శ్రావణం రాగానే నాట్లు పడ్డాయి. నారు పచ్చగా నిలబడింది. వెంకటముని జీవితంలో మొదటిసారి, కొంచెం, నవ్వాడు.

నాటు పచ్చబడి పిలకలు వేయాల్సిన రోజుల్లో పైరు పచ్చబడలేదు. ముందు కింది ఆకులు రంగు తగ్గాయి. తరువాత మధ్య ఆకులు. పొద్దున్నే కయ్య మొత్తం చూస్తే, ఎవరో పసుపు కలిపిన నీళ్లు చల్లినట్టుంది. పిలకలు లేవు. పక్క ఊళ్లో, అదే వారం నాటిన కయ్యలు పచ్చటి దుప్పటి కప్పుకున్నట్టున్నాయి. ఈసారి వెంకటముని భయం ఊహల్లోంచి పుట్టలేదు, ఎదురుగా ఎకరం మేర పరుచుకుని ఉంది.

దారిన పోయేవాళ్లు ఆగి చూడటం మొదలుపెట్టారు. యువరాజ్ మామిడి మొక్కలకు నీళ్లు పెడుతూ అరిచాడు.

"ఏం మామా, పసుపు కుంకుమల కయ్య గదా అని పసుపు పూసేసినావా? కుంకుమ ఎప్పుడు పెడతావు?"

"ఊరుకోప్పా."

"ఊరుకునేదేంది! చెత్తలో పురుగుంటాది, ఏరు కొరికేసినట్టుండాది. నేను అప్పుడే జెప్పినా, కాల్చెయ్యమని."

కాల్చమని అతను చెప్పలేదు, నవ్వాడంతే. కానీ పైరు పసుపెక్కినప్పుడు అందరూ ముందే చెప్పినవాళ్లవుతారు. వెంకటముని ఒక మొక్క పెరికి వేరు చూశాడు. వేరు బాగానే ఉంది. మట్టి మాత్రం కుళ్లు వాసన. కాలు పెడితే బుడగలు లేస్తున్నాయి. ఆ బుడగలు చూసి గభాల్న కాలు తీసుకున్నాడు.

వరదమ్మ రోజూ పొద్దున వచ్చేది. తూర్పు గెనిమ మీద నిలబడి, చీర కొంగు తలమీద వేసుకుని, కయ్యను చూసేది. తిడితే బాగుండునని వెంకటముని మొక్కుకున్నాడు. ఆమె ఏమీ అనకుండా వెళ్లిపోయేది.

"వదిన మనసులో గుంతలు తీపిచ్చేసినట్టుండాది," అంది పంకజాక్షి. పంకజాక్షి ధైర్యవంతురాలు, అందుకే ఆమె గురించి ఈ చరిత్రలో ఎక్కువ రాయడానికి లేదు. "ఇట్ట కూసోని చూస్తా ఉంటే పచ్చబడతాదా? రైతు సేవా కేంద్రంలో ఆ పిల్లను అడుగు పో."

"ఆ పిల్ల ఏమంటాదో..."

"ఏమంటాది? నిన్ను కరస్తాదా?"

ఆ పిల్ల పేరు రాజశ్రీ, వ్యవసాయ సహాయకురాలు. ఇరవై ఐదేళ్లుంటాయి. స్కూటీ మీద వచ్చి, చెప్పులు గెనిమ మీద వదిలేసి, బురదలోకి దిగింది. వెంకటమునికి ఆ బుడగల గురించి ఆమెను హెచ్చరించాలనిపించింది. ఆమె కింద చెయ్యి పెట్టి ఒక పిడికెడు బురద తీసింది. దాంట్లో సగం కుళ్లిన చెరకాకు ముక్కలు.

"చెరకు చెత్త దున్నేసినారా పెద్దాయనా?"

"అవునమ్మా. తప్పా?"

"తప్పేం కాదు, మంచి పనే. కానీ దున్నేటప్పుడే కొంచెం యూరియా, సూపర్ ఫాస్ఫేటు చల్లి ఉండాల్సింది. ఈ చెత్తను కుళ్లబెట్టేదానికి మట్టిలో సూక్ష్మజీవులుంటాయి, కంటికి కనపడవు. అవి బతకాలంటే నత్రజని కావాల. చెరకు చెత్తలో అది శానా తక్కువ. అందుకని మట్టిలో ఉండేదీ, మీరేసిన యూరియా కూడా, పైరుకు దక్కకుండా అవే తినేస్తా ఉండాయి."

"అంటే పంక్తిలో ముందు అవి కూసున్నాయి."

"అంతే," అని నవ్విందా పిల్ల. "కానీ తినింది యాడికీ పోదు. చెత్త కుళ్లిపొయ్యినాక అవీ చచ్చిపోతాయి, తినిందంతా మళ్లా నేలకే వస్తాది. అప్పుడు పైరు తీసుకుంటాది. ఇప్పుడు ఒక మోతాదు ఎక్కువెయ్యండి, నీళ్లు రెండు రోజులు తీసేసి మళ్లా కట్టండి. అంతే, ఆగాల. ముఖ్యంగా, పైరు పొట్టకొచ్చేటప్పుడు అందరూ ఏస్తారే యూరియా, అది మీరు ఎయ్యొద్దు. అప్పటికి చెత్తే ఇస్తా ఉంటాది. రెండూ కలిస్తే పైరు మదమెక్కి పడిపోతాది."

రాజశ్రీ స్కూటీ వెళ్లిపోయింది. వెంకటముని మాత్రం కయ్యను చూస్తూ నిలబడిపోయాడు. ఇంతకాలం భూమ్మీద ఉన్నవాటికే భయపడుతూ వచ్చాడు. భూమి కింద, కంటికి కనపడకుండా, కోట్ల సంఖ్యలో, పగలూ రాత్రీ తింటూ ఒక జనం ఉందని ఈ వయసులో తెలిసింది. ఆ సాయంత్రం అతను గెనిమ మీద మామూలుకంటే మెల్లగా అడుగులేస్తూ ఇంటికి పోయాడు.

యూరియా బస్తా కోసం వరసలో నిలబడి, తెచ్చి, మోతాదు వేశాడు. ఇక మిగిలింది ఆగడం. పిరికివాడు పారిపోగలడు, దాక్కోగలడు, అవసరమైతే ఏడవగలడు. ఆగడం మాత్రం అతనికి రాదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఆవులను తోలుకుపోతూ ఒకసారి, ఊరికే ఒకసారి కయ్య చూసి వచ్చేవాడు. మబ్బు పట్టినప్పుడు పచ్చగా కనిపించేది, ఎండ రాగానే పసుపు. ఆకు తెంపుకొచ్చి పంకజాక్షి మొహం ముందు పెట్టేవాడు. "నిన్నటికంటే పచ్చగా ఉండాదా లేదా, నిజం జెప్పు."

"నిన్నటి ఆకు యాడుండాది?"

నిన్నటి ఆకు ఆవు తినేసింది.

ఒకరోజు వరదమ్మ గెనిమ మీద నోరు తెరిచింది. "ఆ పిల్ల జెప్పిందంతా నిజమేనా?"

"నిజమే అన్నట్టుండాదక్కా."

"పురుగులు తిని, మళ్లా కక్కుతాయా?"

"అట్లాగే జెప్పింది."

"నాయన అరవై ఏండ్లు సేద్యం చేసినాడు. ఆయనకు ఏ పురుగూ ఏమీ కక్కలేదు." అని వెళ్లిపోయింది. నాయన చెత్త కాల్చేవాడు కాబట్టి ఆ పురుగులకు కక్కే భాగ్యం లేకపోయిందని చెప్పాలని వెంకటమునికి ఆమె వీధి మలుపు తిరిగాక తోచింది.

భాద్రపదం మొదట్లో, ఎండ ఎక్కిన ఒక ఉదయం, ఆకు మధ్య ఈనె పక్కన పచ్చదనం ఒక గీతలా దిగింది. రెండో రోజు ఇంకొంచెం. వారం తిరిగేసరికి పిలకలు వేసింది. వినాయకుడి నిమజ్జనానికి ఊరంతా డప్పులతో పోతుంటే, వెంకటముని కయ్యలో వంగి ఒక మొక్క పిలకలు లెక్కపెట్టుకుంటున్నాడు. కళ్లు తడయ్యాయి. వెంటనే భయం వేసింది. ఇంత తొందరగా పచ్చబడటం ఏదైనా తెగులేమో అని.

అది తెగులు కాదు. దసరా నాటికి పైరు నడుమెత్తు పెరిగి, గాలికి అలల్లా ఊగింది. యువరాజ్ మామిడి మొక్కల మధ్య నిలబడి, నోటి నుంచి ఒక్క జోకు కూడా రాక, మోటారు కట్టేసి పోయాడు.

అప్పుడు వరదమ్మ బస్తా తెచ్చింది.

కూలివాడి సైకిలు మీద యూరియా బస్తా వేయించుకుని, వెనక నడుచుకుంటూ వచ్చి, గెనిమ మీద దింపించింది. కూలివాడు వెళ్లిపోయాడు. "పైరు పొట్టకొచ్చింది. ఎయ్యి."

"అక్కా, ఆ పిల్ల వొద్దనింది. ఈ పంటకు చెత్తే ఇస్తా ఉండాది. ఇంగా ఏస్తే పడిపోతాది."

"ఊరంతా ఏస్తా ఉండారు."

"ఊరంతా చెత్త కాల్చినారు."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని అతను వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. వరదమ్మ కళ్లు చిన్నవయ్యాయి.

"మునీ, ఈ కయ్య నాది."

"నీదేనక్కా."

"పైరు నీళ్లపాలైతే నేను నిన్ను అనను. మామిడి పెట్టిస్తా, అంతే. మాట్లాడే పన్లేదు. ఇప్పుడు ఏసేదుందా, లేదా?"

రేణిగుంట గోడౌను గోడ, టార్చి వెలుగు, ఆ వెలుగు అందని చీకటి మూల అన్నీ అతని కళ్ల ముందుకొచ్చాయి. యూరియా వేస్తే పైరు పడిపోతుంది, వేయకపోతే అక్క కోపం, ఎటు చూసినా మామిడే. పారిపోవాలంటే గెనిమ ఇరుకు, అక్క దారికి అడ్డంగా ఉంది. నిలబడదామంటే మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. చేసేదేం లేక, దగ్గరలో కనిపించిన ఆసనం మీద కూర్చున్నాడు. అది యూరియా బస్తా.

కూర్చున్నాక అతనికి అర్థమైంది, తను ఏం చేశాడో. లేవాలనుకున్నాడు. కాళ్లు లేవలేదు.

"లెయ్ రా."

"లేవలేనక్కా."

"ఏం?"

"భయంగా ఉండాది."

దేశ చరిత్రలో బలవంతుల ముందు మొండిగా కూర్చున్న మహానుభావులు ఉన్నారు. వాళ్లందరూ ధైర్యంతో కూర్చున్నారని మనకు నేర్పారు. వెంకటముని విషయంలో మాత్రం పక్కాగా తెలుసు, కాళ్లు పనిచేయక కూర్చున్నాడు. వరదమ్మ బస్తా మూల పట్టుకుని లాగింది. బస్తా కదిలింది, తమ్ముడు కదలలేదు. ఎండ నెత్తికెక్కింది. చివరికి పంకజాక్షి అన్నం గిన్నె తీసుకుని వచ్చి, గెనిమ మీద ఈ దృశ్యం చూసి, మొగుణ్ణి, వదినను, బస్తాను మూడింటినీ కాసేపు చూసింది.

"వదినా, ఇంటికి పోదాం రా. ఈయప్ప లేసేలోపు ఎండ దిగిపోతాది."

వరదమ్మ పోయింది. పోతూ వెనక్కి తిరిగి ఒక్క మాట అంది. "సంక్రాంతికి సూద్దాం."

ఆ మాట తరువాత వెంకటముని నిద్ర ఎలా పోయాడో రాయడం అనవసరం. పోలేదు.

కొన్నాళ్లకు అతను ఒక వింత గమనించాడు. తూర్పు గెనిమ పొడవునా, గట్టు నుంచి కొద్ది దూరం వరకు, పైరు మిగతాదానికంటే నల్లగా, ఒక బెత్తెడు ఎత్తుగా ఉంది. గట్టు మీద గరిక కూడా అక్కడక్కడా గుత్తులు గుత్తులుగా నల్లపచ్చగా మొలిచింది. అతనికి రకరకాల అనుమానాలు వచ్చాయి. యువరాజ్ మామిడికేసిన ఎరువు ఊరిందా? ఎవరైనా ఏదైనా పూడ్చి పెట్టారా? ఆ పక్క నడవడం మానేశాడు, పడమటి గెనిమ చుట్టి పోవడం మొదలుపెట్టాడు.

కార్తీకంలో ఎన్ను పాలుపోసుకుని గింజ గట్టిపడుతున్న వేళ, బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారు. తరువాత తుపాను అన్నారు. ప్రతి టీవీలోనూ ఒక పిల్లవాడు గొడుగు పట్టుకుని, గొడుగు తిరగబడేదాకా మాట్లాడాడు. రెండు రోజులు ఆకాశం ఊరి మీదికి దిగి కూర్చుంది. గాలి తూర్పు నుంచి వచ్చి రేకులను వాయించింది. వెంకటముని గడపలో కూర్చుని ఒక్కో గాలివిసురుకు ఒక్కోసారి కళ్లు మూసుకున్నాడు. ప్రతి విసురులోనూ పైరు నేలకు పడుకోవడం అతనికి వినిపించింది.

"పోయి సూసిరా," అంది పంకజాక్షి, వాన కొంచెం తెరిపిచ్చాక.

"నువ్వు రా."

"ఆవులను ఎవరు చూస్తారు? పో. ఏమైందో తెలవకుండా కూసోవడం కంటే తెలుసుకోని ఏడవడం మేలు."

గోనెపట్ట నెత్తిన వేసుకుని బయల్దేరాడు. గొడుగు తీసుకోలేదు, దాని కడ్డీకి పిడుగు పడుతుందని. దారి తూర్పు గెనిమ మీదికే వస్తుంది. వాన నీళ్లలో చుట్టూ తిరగడానికి లేదు. తల దించుకుని నడిచాడు. తల ఎత్తేసరికి, పైరు పడిపోయి ఉంది.

తూర్పు గెనిమ పొడవునా, ఎవరో చాప పరిచినట్టు పైరు నేలకు అతుక్కుని ఉంది. ఎన్నులు నీళ్లలో మునిగి ఉన్నాయి. "అయిపాయె," అన్నాడు పైకే. గట్టు మీద గోనెపట్ట కింద కూలబడ్డాడు. కూలబడి ఎంతసేపున్నాడో తెలియదు. తరువాత గాలికి ఏదో గలగలమంది. చూపు చాప దాటి ఇంకొంచెం దూరం పోయింది.

చాప అవతల పైరు నిలబడే ఉంది. తల వంచింది, తడిసింది, ఊగుతోంది, నిలబడే ఉంది. పడమటి గెనిమ దాకా, ఉత్తరం మూల దాకా.

పడిపోయింది ఒక పట్టీ మాత్రమే. గెనిమ వెంబడి, ఒక మనిషి గట్టు మీద నిలబడి, దిగకుండా, చెయ్యి విసిరితే ఎంత దూరం పడుతుందో అంత వెడల్పు. పెద్దగా బలం లేని చెయ్యి. గరిక గుత్తులు కూడా అతనికి ఇప్పుడు వేరేగా కనిపించాయి. నిలబడి చల్లేటప్పుడు పిడికిట్లోంచి జారినచోటల్లా గుత్తి.

వెనక అడుగుల చప్పుడైంది. వరదమ్మ, తడిసిన చీరతో. పడిపోయిన పట్టీని చూసింది. నిలబడ్డ పైరును చూసింది.

వెంకటముని గబగబా లేచాడు. "గాలక్కా. తూరుపు గాలి శానా కొట్టింది ఈ పక్క."

"గాలి గెనిమెమ్మడే ఇంత కొట్టి, ఆడికి ఆగిపోవాలని దానికి ఎవురు జెప్పినారు?"

ఎవరు చెప్పారో చెప్పడానికి వెంకటమునికి భయం వేసింది.

"నేనే ఏసినా," అంది వరదమ్మ. "పసుపుగా ఉన్నప్పుడు రెండు దఫాలు, ఒళ్లో పోసుకోనొచ్చి. నువ్వు బస్తా మీద కూసున్నాక ఇంగో దఫా. దిగేదానికి మోకాళ్లు రావు గదా, గట్టు మీంచే."

"ఎందుకక్కా?"

"భయమేసింది మునీ."

ఆ మాట తన ఒక్కడి సొత్తని వెంకటముని ఇన్నేళ్లూ అనుకున్నాడు.

"నాయన ఇచ్చిన నేల నా చేతిలో చచ్చిపోతాదని భయం. మామిడైతే పండకపోతే చెట్టు మీద నింద. వరైతే మన మీద." కొంగుతో మొహం తుడుచుకుంది, వాన నీళ్లో ఏమో. "నువ్వు మెల్లగా నీళ్లు తియ్యి, పడిందన్నా కాస్త ఆరనీ."

కోతకు మిషను వచ్చింది. నిలబడ్డ పైరును ఒక పూటలో మింగేసింది. పడిపోయిన పట్టీని మాత్రం మిషను ముట్టుకోలేదు. బ్లేడుకు అందదని డ్రైవరు చెయ్యూపాడు. ఆ పట్టీని కొడవళ్లతోనే కోయాలి. కూలివాళ్లు దొరకలేదు. పంకజాక్షి, వెంకటముని దిగారు. మోకాళ్లు రాని వరదమ్మ గెనిమ అంచున కాళ్లు కిందికి వేసుకుని కూర్చుని, అందినంతవరకు కోసింది. కొన్ని గింజలకు మొలకలు వచ్చేశాయి. వాటిని వేరే చేటలో వేసింది.

మధ్యాహ్నం దాకా కోశాక, వరదమ్మ తల ఎత్తకుండా అంది, "ఆ రాజశ్రీ పిల్లను అడిగినా. ఇప్పుడు ఈ కయ్యలో చెనిగ ఏసుకుంటే మంచిదంట. కాయ పెరికినాక మిగిలే చెనక్కట్టె అంతా ఆవులకే ఏసెయ్యకుండా సగం నేల్లోకి దున్నేస్తే, దాంట్లో నత్రజని దండిగా ఉంటాదంట, చెరకు చెత్త మాదిరి తినదంట. దాని తర్వాత వరికి యూరియా రవ్వంత తగ్గించుకోవచ్చంట."

పంకజాక్షి కొడవలి ఆపి మొగుడి వైపు చూసింది. చెనిగ, దాని తరువాత వరి. మామిడి తోటలో చెనిగ వేయొచ్చు, కానీ దాని తరువాత వరి నాటిన వాళ్లు ఈ సీమలో ఎవరూ లేరు. వరదమ్మ అంతకు మించి ఏమీ చెప్పలేదు, ఇకముందు చెప్పదు కూడా.

వెంకటమునికి అది అర్థం చేసుకోవడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మొహం వెలిగింది. వెలిగిన మొహం మీదికి, అలవాటుగా, ఒక నీడ వచ్చింది.

"అక్కా, చెనిగ ఏస్తే గుట్ట మీంచి పందులొస్తాయి."

"వస్తే రానీ. ముందు ఆ మూల పట్టీ కొయ్యి, గింజ రాలిపోతా ఉండాది."